సిటీ బస్సు రూపం ఎక్కడ ఖాయమవుతుంది?

పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించారనీ, పీఎం ఈ-బస్ సేవ కింద ఆంధ్రప్రదేశ్‌లోని 11 నగరాలకు 750 బస్సులు వస్తాయనీ వార్తలు వచ్చినప్పటి నుంచి జనంలో రెండు ప్రశ్నలు వినిపిస్తున్నాయి. ఈ బస్సులను ఆర్టీసీ కొంటోందా, లేక ప్రైవేటు వాళ్ల చేతికి వెళ్తున్నాయా అన్నది మొదటిది. రెండోది బస్సు ఎక్కేవాళ్ల ప్రశ్న: మెట్లు అంత ఎత్తుగా ఎందుకుంటాయి, సీట్లు ఎందుకు తగ్గాయి, తలుపులు అక్కడే ఎందుకు పెట్టారు? పైకి ఈ రెండింటికీ సంబంధం లేనట్టు కనిపిస్తుంది గానీ, జవాబులు రెండూ ఒకే కాగితాల కట్టలో ఉంటాయి. దాన్నే టెండరు పత్రం అంటాం. ఒకప్పుడు బస్సు రూపం ఆర్టీసీ షెడ్డులో, రేకులు కోసి బిగించే మేస్త్రీల మధ్య తేలేది. ఇప్పుడది కాగితం మీదే చాలావరకు తేలిపోతోంది. ఈ మార్పు అర్థమైతే మిగతా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

"కొనడం" అనే మాటకు మూడు అర్థాలు

రవాణా సంస్థ బస్సును మూడు విధాలుగా సంపాదించుకోవచ్చు. మొదటిది ఛాసిస్ కొని బాడీ కట్టించుకోవడం. ఛాసిస్ అంటే ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు, చక్రాలు, స్టీరింగు బిగించి ఉన్న ఇనుప చట్రం. పైకప్పు, కిటికీలు, సీట్లు ఏవీ ఉండవు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, ఎదురుగాలిని మొహంమీదే తీసుకుంటూ డ్రైవర్లు అలాంటి ఛాసిస్‌లను వరుసగా నడుపుకుపోవడం జాతీయ రహదారి మీద చాలామంది చూసే ఉంటారు. ఆ చట్రాలు బాడీ కట్టే షెడ్డుకు వెళ్తుంటాయి. రెండో విధానంలో కంపెనీ నుంచే పూర్తిగా తయారైన బస్సును కొంటారు. దీన్ని ఫుల్లీ బిల్ట్ బస్సు అంటారు. మూడో విధానంలో బస్సును అసలు కొనరు. బస్సు, డ్రైవరు, మరమ్మతులు అన్నీ ఆపరేటరువి. తిరిగిన ప్రతి కిలోమీటరుకూ ఇంత అని ఆర్టీసీ చెల్లిస్తుంది. కండక్టరును పెట్టుకుని టికెట్ డబ్బు తాను వసూలు చేసుకుంటుంది. గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్, పొట్టిగా జీసీసీ అంటున్నది దీన్నే. ఆర్టీసీలో ఎన్నో ఏళ్లుగా ఉన్న అద్దె బస్సుల పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే గానీ, పరిమాణంలోనూ కాలవ్యవధిలోనూ చాలా పెద్దది.

కాబట్టి మొదటి ప్రశ్నకు సూటి జవాబు ఇది. విద్యుత్ బస్సుల్లో అత్యధిక భాగం మూడో పద్ధతిలో వస్తున్నాయి. బస్సు మీద ఆర్టీసీ పేరు ఉంటుంది, రూటూ టికెట్ ధరా ఆర్టీసీ చేతిలోనే ఉంటాయి, యాజమాన్యం మాత్రం ఆపరేటరుది. హైదరాబాద్‌లో 2019లో విమానాశ్రయ మార్గాల్లో తిరగడం మొదలుపెట్టిన 40 విద్యుత్ బస్సులు ఈ పద్ధతిలో వచ్చినవే.

మియాపూర్ షెడ్డులో బస్సు పుట్టిన తీరు

ఉమ్మడి రాష్ట్రంలో ఆర్టీసీకి మియాపూర్‌లో సొంత బస్ బాడీ యూనిట్ ఉండేది. విభజన తర్వాత అది తెలంగాణ సంస్థకు వచ్చింది. 222 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) ఉన్న ఛాసిస్ ఒకటి అక్కడికి వస్తే, దాన్ని ఏ బస్సుగా మార్చాలన్నది ఆర్టీసీ ఇంజనీర్ల ఇష్టం. దాని మీదే పల్లె వెలుగు కట్టవచ్చు, సిటీ ఆర్డినరీ కట్టవచ్చు, వెనక్కి వాలే సీట్లు వేసి సూపర్ లగ్జరీ కట్టవచ్చు. ఒక డిపో మేనేజరు "మా రూటులో కూరగాయల గంపలు ఎక్కువ ఎక్కుతాయి, వెనుక ఖాళీ కావాలి" అంటే, ఆ మాట షెడ్డు దాకా వెళ్లే వీలుండేది. సూపర్ లగ్జరీగా కొంత దూరం తిరిగిన బస్సును సీట్లు మార్చి ఎక్స్‌ప్రెస్‌గానో పల్లె వెలుగుగానో తిప్పడం కూడా ఈ సొంత షెడ్ల బలంతోనే సాధ్యమైంది. ఒకే బస్సు నుంచి ఇలా రెండు జీవితాలు పిండుకోవడం పేద సంస్థకు చిన్న విషయం కాదు.

ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. ఛాసిస్ చేసినవారు ఒకరు, బాడీ కట్టినవారు మరొకరు. ఏదైనా విరిగితే బాధ్యత ఎవరిదన్న వాదన మొదలవుతుంది. పైగా ఈ ఛాసిస్‌ల మూలం లారీయే. ఇంజను ముందుంటుంది, చట్రం ఎత్తుగా ఉంటుంది, నేల నుంచి బస్సు లోపలి తలం 1,100 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. బస్ బాడీ కోడ్‌గా పిలిచే ఏఐఎస్-052 ప్రమాణం అమల్లోకి వచ్చాక, బాడీ కట్టే ప్రతి షెడ్డుకూ గుర్తింపు, ప్రతి నమూనాకూ అధీకృత పరీక్షా సంస్థ ఆమోదం తప్పనిసరయ్యాయి. అత్యవసర ద్వారాలు, సీట్ల బిగింపు, నిప్పంటుకోని సామగ్రి వంటివాటికి కొలతలు వచ్చాయి. ప్రయాణికుల భద్రతకు ఇది మేలే చేసింది. షెడ్డులో అప్పటికప్పుడు మార్పులు చేసే స్వేచ్ఛ మాత్రం బాగా తగ్గింది. కంపెనీలు కూడా ఫుల్లీ బిల్ట్ వైపే మొగ్గుతున్నాయి; 2025 మార్చిలో విజయవాడకు చేరువలోని మల్లవల్లిలో అశోక్ లేలాండ్ ప్రారంభించిన బస్సు తయారీ కర్మాగారం ఈ ధోరణికి దగ్గరి ఉదాహరణ.

స్పెసిఫికేషన్‌లో ఒక్కో వాక్యం ఖరీదు

షెడ్డు స్థానంలోకి వచ్చినది టెండరు పత్రంలో భాగమైన స్పెసిఫికేషన్. బస్సు పొడవు, తలం ఎత్తు, తలుపుల సంఖ్య, సీట్ల అమరిక, ఏసీ ఉందా లేదా, కెమెరాలు, అత్యవసర బటన్లు, బోర్డులు, రంగు ఇలా ప్రతిదీ వాక్యాల్లో రాసిన పత్రం అది. 2009లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే నగరాభివృద్ధి పథకం కింద నగరాలకు బస్సుల కొనుగోలుకు సాయం చేసినప్పుడు కేంద్రం తన పట్టణ బస్సు స్పెసిఫికేషన్లు పాటించాలని షరతు పెట్టింది. 2013లో వాటిని మరింత విస్తరించింది. అంతకుముందు మన నగరాల్లో సిటీ బస్సు అంటే ఊళ్ల మధ్య తిరిగే బస్సునే తెచ్చి నగరంలో తిప్పడం. నగరానికంటూ వేరే బస్సు ఉండాలన్న ఆలోచన కాగితం మీద గట్టిగా నాటుకున్నది అప్పుడే.

సీట్ల సంగతి తీసుకుందాం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైనప్పుడు, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి మొదలైనప్పుడు ఆర్టీసీ బస్సుల్లో రద్దీ ఎలా పెరిగిందో ఎక్కినవాళ్లకు తెలుసు. హైదరాబాద్‌లో కొన్ని సిటీ బస్సుల్లో మధ్యలోని సీట్లు తీసి, మెట్రో రైలులోలాగా కిటికీల వెంబడి అమర్చి చూశారు. దీని వెనుక ఉన్న లెక్క సులువైనది. ఇద్దరు కూర్చునే సీటు ముందుకూ వెనక్కూ 70 సెంటీమీటర్లు, అడ్డంగా 90 సెంటీమీటర్లు ఆక్రమిస్తుందనుకుందాం. అంటే 0.63 చదరపు మీటర్లు. నిలబడే మనిషికి 0.125 చదరపు మీటర్ల చొప్పున లెక్కేస్తే, ఆ చోటులో ఐదుగురు నిలబడతారు. అలాంటి మూడు సీట్లు తీసేస్తే ఆరుగురి కూర్చునే హక్కు పోతుంది, పదిహేను మందికి నిలబడే చోటు వస్తుంది. నికరంగా తొమ్మిది మంది ఎక్కువ ఎక్కుతారు.

తొమ్మిది మంది ఎక్కువ ఎక్కడం మంచిదా, ఆరుగురు కూర్చోవడం మంచిదా? స్టాపు దగ్గర మూడో బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషికి మొదటిది మేలు. పటాన్‌చెరు నుంచి కోఠి దాకా గంటన్నర నిలబడాల్సిన గర్భిణికి రెండోది మేలు. దగ్గరి దూరాలకు ఎక్కిదిగే రూటుకు తక్కువ సీట్ల బస్సు, నగరం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లే రూటుకు ఎక్కువ సీట్ల బస్సు ఉండాలని నా అభిప్రాయం. అయితే అలా కావాలంటే ఆర్డరులోనే రెండు నమూనాలు అడగాలి. అప్పుడు ఒక డిపో బస్సును ఇంకో రూటుకు పంపే వెసులుబాటు కొంత పోతుంది.

తలుపులది ఇంకో లెక్క. ఒక రూటులో 40 స్టాపులు ఉన్నాయనీ, తలుపులు వెడల్పుగా ఉంటే ఒక్కో స్టాపులో 5 సెకన్లు ఆదా అవుతాయనీ అనుకుందాం. ఒక ట్రిప్పుకు 200 సెకన్లు. రోజుకు 8 ట్రిప్పులైతే 1,600 సెకన్లు, అంటే సుమారు 27 నిమిషాలు. గంటకు 15 కిలోమీటర్ల నగర వేగంతో లెక్కిస్తే ఆ సమయంలో బస్సు ఆరున్నర కిలోమీటర్లకు పైగా తిరుగుతుంది. వెయ్యి బస్సులకు రోజుకు ఆరున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు. కొత్తగా ఒక్క బస్సూ కొనకుండా, తలుపు కొలత మార్చడం వల్ల వచ్చే సేవ ఇది.

మన భాషకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. గమ్యం చూపే బోర్డు తెలుగులో ఉండాలని స్పెసిఫికేషన్‌లో రాసినంత మాత్రాన సరిపోదు. ఎల్‌ఈడీ బోర్డులో అక్షరాలు చుక్కల వరుసలతో ఏర్పడతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలకు పైనా కిందా ఏమీ ఉండదు కాబట్టి తక్కువ వరుసలతో పని జరుగుతుంది. "సికింద్రాబాద్" రాయాలంటే పైన గుడి పట్టాలి, కింద రావత్తు పట్టాలి. "విద్యానగర్‌"కు కింద యావత్తు కావాలి. వరుసలు చాలకపోతే ఒత్తులు నలిగి అక్షరానికి అంటుకుపోతాయి, యాభై అడుగుల దూరం నుంచి పెద్దవాళ్లకు చదవడం కుదరదు. హైదరాబాద్‌లో ఉర్దూ కూడా చేరుతుంది. బోర్డుకు ఎన్ని వరుసల చుక్కలు ఉండాలి, ఒక్కో భాష ఎన్ని సెకన్లు కనిపించాలి అన్నవి రాయకపోతే, సరఫరాదారు తన దగ్గరున్న బోర్డునే బిగిస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు, అడిగింది ఇచ్చాడు.

మెట్టు ఎత్తు మీద తేలని వివాదం

పట్టణ బస్సు స్పెసిఫికేషన్లలో ప్రధానంగా మూడు ఎత్తులున్నాయి. నేల నుంచి బస్సు తలం 400 మిల్లీమీటర్లుంటే లో ఫ్లోర్, 650 ఉంటే సెమీ లో ఫ్లోర్, 900 ఉంటే స్టాండర్డ్ ఫ్లోర్. 400 అంటే మోకాలికి కాస్త కింద. ఒక్క అడుగులో ఎక్కేయవచ్చు. 900 అంటే దాదాపు మూడడుగులు. తలుపు లోపల మెట్లు తప్పవు. లో ఫ్లోర్ బస్సు స్టాపులో ఒక పక్కకు ఒంగగలదు, పలక జారిస్తే చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్తుంది.

అందరూ లో ఫ్లోరే ఎందుకు కొనరు? రవాణా సంస్థల వాదన గట్టిదే. తలం కిందికి దిగితే చక్రాల గూళ్లు బస్సు లోపలికి పొడుచుకొచ్చి సీట్ల చోటు తింటాయి. బస్సు ధర పెరుగుతుంది. వానలకు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిచే కూడళ్లలో, కొలతా పద్ధతీ లేని స్పీడ్ బ్రేకర్ల మీద బస్సు అడుగుభాగం దెబ్బతింటుంది. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవారి వాదన అంతకన్నా సూటిగా ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రవాణా సదుపాయాలు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. రోడ్డు బాగాలేకపోతే రోడ్డును బాగుచేయాలి గానీ, ఆ సాకుతో మనిషిని బస్సుకు దూరం చేయకూడదన్నది వారి మాట. చెన్నైలో ఈ వివాదం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. 2024లో అక్కడి నగర రవాణా సంస్థ కొత్త లో ఫ్లోర్ బస్సులను రోడ్డెక్కించింది. ఢిల్లీలోనూ స్టాండర్డ్ ఫ్లోర్ బస్సుల కొనుగోలు కోర్టు మెట్లెక్కింది. 900 మిల్లీమీటర్ల బస్సుకే చక్రాల కుర్చీని పైకెత్తే లిఫ్టు బిగించడం మధ్యేమార్గంగా ముందుకొచ్చింది. అయితే లిఫ్టు ఒక్కరి కోసం పనిచేస్తుంది. మోకాళ్ల నొప్పులతో రెండు చేతులూ కడ్డీలకు వేసి ఒళ్లు పైకి లాక్కునే పెద్దావిడకూ, చంకలో పిల్లను ఎత్తుకున్న తల్లికీ అది ఉపయోగపడదు. ఎత్తు సమస్యను వికలాంగుల సమస్యగా మాత్రమే చూడటం వల్లే ఈ చర్చ కుదించుకుపోయిందని నాకు అనిపిస్తుంది.

బ్యాటరీ, బరువు, కిలోమీటరు రేటు

విద్యుత్ బస్సు వచ్చాక స్పెసిఫికేషన్‌లో కొత్త బేరం మొదలైంది. 300 కిలోవాట్ అవర్ల (అంటే 300 యూనిట్ల) బ్యాటరీలో 80 శాతం వాడుకుంటూ, కిలోమీటరుకు 1.2 యూనిట్లు ఖర్చవుతుందనుకుంటే, ఒక ఛార్జింగుకు 200 కిలోమీటర్లు వస్తాయి. ఇంకాస్త దూరం కావాలని 100 యూనిట్ల బ్యాటరీ అదనంగా అడిగారనుకోండి. కిలో బరువుకు 150 వాట్ అవర్ల చొప్పున దాని బరువు 670 కిలోలకు చేరుతుంది, అంటే పది మంది మనుషుల బరువు. బస్సు మొత్తం బరువుకు చట్టపరమైన హద్దు ఉంది కాబట్టి, దూరం పెంచుకుంటే ప్రయాణికులను తగ్గించుకోవాల్సి రావచ్చు. డిపోలో మధ్యాహ్నం అరగంట ఛార్జింగు పెట్టే ఏర్పాటుంటే చిన్న బ్యాటరీతో సరిపోతుంది, కానీ ఆ అరగంట షెడ్యూలులో ముందే చూపాలి.

తిరుపతి-తిరుమల మార్గం దీనికి చక్కటి ఉదాహరణ. 2022 నుంచి ఏపీఎస్‌ఆర్టీసీ అక్కడ 9 మీటర్ల విద్యుత్ బస్సులు నడుపుతోంది. ఘాట్ మలుపుల్లో పొడవాటి బస్సు తిరగడం కష్టం కాబట్టి పొట్టి బస్సు ఎంచుకున్నారు. ఎక్కేటప్పుడు బ్యాటరీ గట్టిగా ఖర్చవుతుంది, దిగేటప్పుడు మోటారే జనరేటరులా పనిచేసి కొంత తిరిగి నింపుతుంది, బ్రేకుల అరుగుదలా తగ్గుతుంది. మైదానంలో లెక్కేసిన కిలోమీటర్ల అంకె ఇక్కడ పనికిరాదు. ఆ రూటుకే వేరే లెక్క కట్టాలి.

ఇక డబ్బు. ఊహాజనితంగా కిలోమీటరుకు 55 రూపాయలు, రోజుకు 200 కిలోమీటర్లు తిప్పుతామని ఆపరేటరుకు ఆర్టీసీ హామీ అనుకుందాం. బస్సు పూర్తిగా తిరిగితే ఆర్టీసీ చెల్లించేది 11,000 రూపాయలు. ట్రాఫిక్ వల్ల 170 కిలోమీటర్లే తిరిగింది, తిరగని దూరానికి సగం రేటు ఇవ్వాలని కాంట్రాక్టులో ఉంది. అప్పుడు 9,350, దానికి 825 కలిపి 10,175 రూపాయలు. నిజంగా తిరిగిన కిలోమీటరుకు చూస్తే రేటు దాదాపు 60 పడింది. కండక్టరు జీతం దీనికి అదనం. ఇరుకు తలుపు వల్ల పోయే రోజుకు 27 నిమిషాలు ఆర్టీసీకి ఎక్కడ తగులుతాయో ఇక్కడ తెలుస్తుంది: ఆ తలుపును ఎంచుకున్నందుకు మూల్యం కాంట్రాక్టు ముగిసేదాకా కిలోమీటరు లెక్కలో కట్టాల్సి వస్తుంది.

ఆర్టీసీలు సకాలంలో చెల్లిస్తాయా అన్న అనుమానం ఆపరేటర్లకూ, వారికి అప్పిచ్చే బ్యాంకులకూ ఉంటుంది. ఆ అనుమానం కూడా రేటులో చేరుతుంది. అందుకే 2024లో కేంద్రం 3,435 కోట్ల రూపాయలతో చెల్లింపు భద్రత ఏర్పాటు చేసింది. రవాణా సంస్థ బకాయి పెడితే ముందు ఆ నిధి నుంచి ఆపరేటరుకు ఇచ్చి, తర్వాత రాష్ట్రం నుంచి రాబట్టుకుంటారు.

ఒకే నమూనానా, ఊరికో నమూనానా

అసలు వాదం ఇక్కడుంది. 2022లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ సీఈఎస్ఎల్ ఐదు నగరాల అవసరాలు కలిపి 5,450 విద్యుత్ బస్సులకు ఒకే టెండరు పిలిచింది. అందులో హైదరాబాద్ కూడా ఉంది. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 43.49 రూపాయలు, 9 మీటర్ల బస్సుకు 39.21 రూపాయల కనిష్ఠ ధరలు వచ్చాయి. నగరాలన్నీ ఒకే రకం బస్సు అడిగితే తయారీదారు ఒకే అచ్చుతో వేల బస్సులు చేయగలడు, విడిభాగాలు ఒకటే అవుతాయి, ధర తగ్గుతుంది అన్నది ఈ పద్ధతి వెనుక ఆలోచన. 2025లో హైదరాబాద్ 2,000 బస్సులు కూడా బెంగళూరు, ఢిల్లీ, అహ్మదాబాద్, సూరత్‌లతో కలిపి 10,900 బస్సుల టెండరులో భాగమయ్యాయి.

విడిగా అడగడం ఎంత ఖరీదవుతుందో లండన్ చూపింది. 2012లో అక్కడ రోడ్డెక్కిన కొత్త రూట్‌మాస్టర్ ఆ ఒక్క నగరం కోసమే గీసిన బస్సు. మూడు తలుపులు, రెండు మెట్లదారులు, నడుస్తుండగానే ఎక్కి దిగడానికి వెనుక తెరిచి ఉండే చోటు, అక్కడ నిలబడటానికి ఒక సిబ్బంది. మామూలుగా ఆపరేటర్లే బస్సులు తెచ్చుకునే నగరంలో, ఈ బస్సును మాత్రం రవాణా సంస్థే స్వయంగా 1,000 కొనాల్సి వచ్చింది, ఎందుకంటే మరెక్కడా అమ్ముడుపోని బస్సు మీద ఏ ఆపరేటరూ డబ్బు పెట్టడు. 2016లో ఖర్చు భరించలేక వెనుక సిబ్బందిని తీసేశారు. 2020లో అందరూ ముందు తలుపు నుంచే ఎక్కాలన్నారు. ప్రత్యేకత కోసం కట్టిన తలుపులు దిగడానికి మాత్రం మిగిలాయి. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న అమెరికాలో కూడా నగరానికో రకం బస్సు అడగడం వల్ల ధరలు పెరిగిపోతున్నాయనీ, అనవసర ప్రత్యేకతలు తగ్గించుకోవాలనీ 2024లో అక్కడి ఫెడరల్ రవాణా సంస్థ కోరింది.

అయినా ఒకే నమూనా పక్షాన పూర్తిగా నిలబడలేం. సూరత్‌కు సరిపోయిన ఏసీ సామర్థ్యం మే నెల రామగుండం ఎండకు సరిపోతుందని లేదు. తిరుమల ఘాట్‌కు 12 మీటర్ల బస్సు పనికిరాదు. ఒత్తులున్న లిపికి ఇంగ్లీషు బోర్డు చాలదు. ఏవి అందరికీ ఒకటిగా ఉండాలి, ఏవి ఊరికి తగ్గట్టు మారాలి అన్న గీత ఎక్కడ గీస్తామన్నదే ముఖ్యం. ఛాసిస్, బ్యాటరీ, మోటారు, బ్రేకులు ఒకటిగా ఉండటం వల్ల డబ్బు మిగులుతుంది. సీట్ల అమరిక, పట్టుకునే కడ్డీల ఎత్తు, బోర్డు, ఏసీ సామర్థ్యం ఊరిని బట్టి మారినా అచ్చు చెడదు. మన టెండర్లలో ఈ రెండో జాబితాకు దక్కాల్సినంత శ్రద్ధ దక్కడం లేదన్నది నా బాధ.

ప్రోటో బస్సు ముందు నిలబడే రోజు

టెండరులో ముందు సాంకేతిక బిడ్లు తెరుస్తారు, అర్హులైన వారి ధరల బిడ్లు తర్వాత తెరుస్తారు, తక్కువ కోట్ చేసినవారిని ఎల్-1 అంటారు. కాంట్రాక్టు కుదిరాక కంపెనీ మొదట ఒకే ఒక్క బస్సు తయారుచేసి చూపుతుంది. దాన్ని ప్రోటో అంటారు. ఆర్టీసీ తనిఖీ బృందం స్పెసిఫికేషన్ చేతపట్టుకుని టేపుతో మెట్టు కొలుస్తుంది, సీట్ల మధ్య దూరం చూస్తుంది, బోర్డు వెలిగించి చూస్తుంది. ఈ బృందంలో ఇంజనీర్లతో పాటు రోజూ స్టీరింగు పట్టే డ్రైవరు, నిండు బస్సులో నడవాల్సిన కండక్టరు, చక్రాల కుర్చీలో ప్రయాణించే ఒకరు, అయిదడుగుల లోపు ఎత్తున్న ఒక మహిళా ఉంటే, కాగితంలో కనిపించని లోపాలు ఆ పూటే బయటపడతాయి: పైకడ్డీ అందదు, డ్రైవరుకు ఎడమ అద్దంలో వెనుక తలుపు కనిపించదు, ర్యాంపు జారితే స్టాపు గట్టుకు తగులుతుంది. ప్రోటో మీద సంతకం పడే దాకా ఇవన్నీ ఒక చిట్టాలో రాసిచ్చి సరిచేయించుకోవచ్చు. సంతకం పడ్డాక మిగతా బస్సులన్నీ అచ్చుగుద్దినట్టు అలాగే వస్తాయి. ఆ తర్వాత కడ్డీని నాలుగంగుళాలు కిందికి దించాలన్నా కాంట్రాక్టులోని మార్పుల నిబంధన తీసి, ఒక్కో బస్సుకు ధర కట్టి, మళ్లీ ఆమోదం తీసుకోవాలి.